మలావీ వెళ్ళేవాడి ఒళ్ళో పసిబిడ్డ

బెనయాకి వచ్చిన చిక్కల్లా ఒకటే. తను సిద్ధంగా ఉన్నాడని తనకు తెలుసు, ఊరికి తెలుసు, చివరికి ఇంట్లో గేదెకి కూడా తెలుసు. చర్చి పాస్టరు ఎజ్రా అయ్యగారికి ఒక్కరికే తెలియడం లేదు.

డిగ్రీ అయింది. బి.ఇడి.లో చేరేముందు ఒక ఏడాదిపాటు ఆఫ్రికాలోని మలావీ దేశం వెళ్ళి, అక్కడ చర్చివాళ్ళు నడిపే పిల్లల హాస్టల్లో జీతం లేకుండా సేవ చెయ్యాలని అతని ఆశ. పంపించేది విశాఖపట్నంలో ఉన్న ఒక క్రైస్తవ సంస్థ. వాళ్ళకి బెనయా నచ్చాడు. ఒక్క మాటే మిగిలింది.

"మీ పాస్టరుగారు నువ్వు సిద్ధమే అంటే చాలు, పంపిస్తాం. ఆదివారం ఆరాధన అయ్యాక ఫోన్ చేసి ఆయన్నే అడుగుతాం. ఆయన కాదంటే నీ వెనకాల వరసలో ఒక అమ్మాయి ఉంది" అన్నారు.

సిద్ధపడడంలో బెనయా ఏ లోటూ చెయ్యలేదు. కట్లు కట్టడం నేర్చుకోవాలని, ఏ దెబ్బా తగలని మేనమామ కాలికి రకరకాల కట్లు కట్టి, ఆయన్ని ఒక పూటంతా కుంటించాడు. పాత మేజోళ్ళతో బొమ్మలు కుట్టి దావీదు, గొల్యాతుల ఆట ఆడించాడు. మహాకాయుడు గొల్యాతుకి మేజోడు చాలక దావీదే పొడుగ్గా వచ్చాడు. అక్కడి భాషలో 'ఎలా ఉన్నారు' అనడానికి 'ములి బ్వాంజీ' అంటారని ఫోన్లో చూసి, పొద్దున్నే గేదెని అలాగే పలకరించేవాడు. గేదె బాగానే ఉండేది.

అన్నిటికన్నా పెద్దది గిటారు. వీడియోలు చూసి సొంతంగా నేర్చుకున్నాడు. కార్డులనే స్వరాల పట్లు మూడు వచ్చాయి. ఆ మూడింట్లో ఇమడని పాట ఏదైనా ఉంటే, ఇమిడేదాకా దాన్నే వంచేవాడు. రెండేళ్ళుగా కొల్లేటి అంచున ఉన్న వాళ్ళ ఊరి చర్చిలో పాటంటే బెనయాదే. అతను నిలబడి వాయిస్తూ పాడుతుంటే, జనం చాపల మీద కూర్చుని మెల్లగా చప్పట్లు కొట్టేవాళ్ళు. పాపం ఎంత లీనమైపోయారో అనుకునేవాడు.

శనివారం సాయంత్రం అయ్యగారు చర్చి ముందు చాపలు దులుపుతున్నారు. బెనయా వెళ్ళి నిలబడ్డాడు.

"అయ్యగారూ, నాలో ఇంకా ఏం తక్కువో చెప్పండి. దిద్దుకుంటాను."

"తక్కువేముందిరా. అన్నీ నిండుగానే ఉన్నాయి."

"మరి రేపు ఫోన్లో ఆ మాటే చెప్తారా?"

"ఆ చివర పట్టుకో" అని ఆయన చాప అందించారు. ఇద్దరూ కలిసి దులిపారు. దుమ్ము లేచింది.

"మీరు ఊఁ అనకపోతే దేవుడు నాకిచ్చిన పిలుపు ఇక్కడే ఆగిపోతుందండి" అన్నాడు బెనయా.

అయ్యగారు చాప చుడుతూ, "అక్కడి పిల్లలు పాటలు పాడతారా?" అని అడిగారు.

"ఏమోనండి. నేను వెళ్ళి నేర్పిస్తాను కదా."

అయ్యగారు ఇంకో చాప తీశారు.

ఆదివారం బెనయా ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికన్నా ముందు వచ్చాడు. ప్రార్థన అయింది. మొదటి పాట వేళకి గిటారు మెళ్ళో వేసుకోబోతుంటే, అయ్యగారు తన కోడలు సువార్త ఒళ్ళో నిద్రపోతున్న పసిపిల్లని తీసి తెచ్చారు.

"కూర్చుని దీన్ని కాసేపు పట్టుకో."

"అయ్యగారూ, పాట..."

"మెల్లిగా. కదిలావంటే లేచి ఊరంతా ఏకం చేస్తుంది."

కాదనడానికి వీల్లేకపోయింది. బిడ్డ అప్పటికే చేతుల్లో ఉంది. బెనయా మగవాళ్ళ వైపు చాప మీద కూలబడ్డాడు. గిటారు గోడకి ఆని అతన్నే చూస్తోంది.

పాట మొదలవలేదు. ఒకాయన దగ్గాడు. ఇంకొకాయన ఆ దగ్గుకి తోడుగా దగ్గాడు. అందరూ బెనయా వైపే చూస్తున్నారు. ఉన్న మాట చెప్పాలంటే, ఆ కాసేపూ బెనయాకి లోపల చక్కిలిగింతలు పెట్టినట్టయింది. నేను లేకపోతే ఇదీ సంగతి, అయ్యగారు ఇప్పుడైనా గమనిస్తే బాగుండును ప్రభువా అని ప్రార్థన కూడా చేసుకున్నాడు.

ఆడవాళ్ళ వైపు గుంజకి ఆనుకుని కూర్చున్న దీనమ్మ అనే ముసలావిడ అడిగింది.

"ఏమండీ అయ్యగారూ, ఇవాళ పాట లేదా?"

"ఉందమ్మా. ఎవరైనా మొదలుపెడితే."

దీనమ్మ కొంగు సర్దుకుని, అయ్యగారి వైపు కాకుండా బెనయా వైపు తిరిగింది.

"ఏం బాబూ, నేను అందుకోనా?"

బిడ్డ లేస్తుందేమోనని బెనయా నోరు తెరవలేదు. తల ఊపాడు. చర్చిలో పాడడానికి ఆవిడ తన అనుమతి ఎందుకడిగిందా అని ఆ తర్వాత అనిపించింది.

దీనమ్మ కింది శ్రుతిలో, చాలా కిందిగా పాట ఎత్తుకుంది. పాత కీర్తనే. బెనయా ప్రతి నెలా పాడేదే. ఒక వరస అయ్యేసరికి పక్కనున్న ఆడవాళ్ళు కలిశారు. సువార్త లేచి బీరువా మీద చెయ్యి పెట్టి వెతికి, ఒక కంజిర తీసింది. దుమ్ము ఊది, వేళ్ళతో తట్టి చూసింది. తోలు చల్లబడి మెత్తగా పలికింది. గుమ్మంలోకి వెళ్ళి ఎండకి కాసేపు పట్టుకుని, మళ్ళీ వచ్చి కూర్చుని వాయించడం మొదలుపెట్టింది. ఆవిడకి కంజిర వచ్చని బెనయాకి తెలియదు. చంటిబిడ్డ తల్లిగా తప్ప ఆవిడ అతని కంటికి ఎప్పుడూ ఆనలేదు.

పళ్ళూడిపోయిన ముసలాళ్ళు గొంతెత్తారు. చేపల చెరువు దగ్గర కాపలా కాసే శామ్యూలు, ఆరాధనలో ఎప్పుడూ కునికే మనిషి, కిందినుంచి బొంగురుగా పట్టుకుంటే పునాది పడ్డట్టు పాట నిలబడింది. రెండో చరణంలో రాగం మూడుచోట్ల మెలి తిరిగింది. బెనయా మూడు కార్డుల్లో ఇమడక తీసిపారేసిన మెలికలవి. ఈ పాట తనకు వచ్చనే అనుకుంటున్నాడు ఇన్నాళ్ళూ.

తనూ కలవబోయాడు. పైన తిరగడం అలవాటైన గొంతు కిందికి దిగలేదు. ఒకసారి శామ్యూలు కన్నా ముందు వెళ్ళింది, ఒకసారి వెనకబడింది. పక్కనే కూర్చున్న శామ్యూలు అతని మోకాలి మీద మెల్లగా తాళం వేశాడు. మూడో చరణానికి బెనయా నోరు మూసుకుని విన్నాడు. నాలుగో చరణంలో సన్నగా, ఎవరికీ వినపడనంతగా కలిశాడు. బిడ్డ నిద్ర లేవలేదు.

ఆరాధన అయ్యాక దీనమ్మ దగ్గరకి బిడ్డతోనే నడిచాడు.

"మామ్మా, ఇన్నాళ్ళూ ఎందుకు పాడలేదు?"

"నువ్వు ఎత్తుకునే చోటికి మా గొంతులు అందవు నాయనా. పోనీలే, కుర్రాడు ముచ్చటపడి వాయించుకుంటున్నాడు, మధ్యలో మనమెందుకని ఊరుకున్నాం."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెబితే చిన్నబుచ్చుకుంటావని."

సువార్త వచ్చి చేతులు చాపింది. "బిడ్డని ఇస్తావా బెనయా, మలావీ పట్టుకెళ్తావా?"

ఆడవాళ్ళు నవ్వారు. బెనయా కూడా నవ్వబోయాడు గానీ అది సరిగ్గా రాలేదు. బిడ్డని ఇచ్చేసి ఖాళీ చేతులతో నిలబడ్డాడు.

అప్పుడు అయ్యగారి ఫోన్ మోగింది. ఆయన కాసేపు విన్నారు. ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి బెనయా వైపు తిరిగారు.

"నువ్వు సిద్ధమేనా అని అడుగుతున్నారురా. ఏం చెప్పను?"

శామ్యూలు చాప చుడుతూ ఇంకా ఆ పాటే కూనిరాగం తీస్తున్నాడు. బెనయా అటు చూశాడు.

"నాకు తెలియట్లేదండి అయ్యగారూ."

అయ్యగారు అరచెయ్యి తీశారు.

"సిద్ధమేనండి" అన్నారు ఫోన్లో.