సింగన్న గుమ్మం ముందు బాట

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ పళ్ళెంలా గుండ్రంగా ఒక చెరువు. చెరువు చుట్టూ మట్టిగట్టు, గట్టు మీద నడకబాట, గట్టుకు ఇవతల పల్లంలో వరసగా ఇళ్ళు. కుందేళ్ళు, అడవిపందులు, ఉడుములు, ఉడతలు, అందరి కాపురాలూ అక్కడే. ఏం కావాలన్నా నాలుగడుగులు వేస్తే చాలు. పొర్లడానికి బురదగుంట, ఎండ కాచుకోవడానికి నల్లబండ, నీడకు మద్దిచెట్లు. అలాంటి చోట ఉండడానికి పెట్టిపుట్టాలి, పిల్లలూ!

అక్కడొక ఆనవాయితీ ఉండేది. పొద్దు వాలుతుండగా అందరూ చెరువు చుట్టూ ఒక చుట్టు తిరిగి రావాలి. ఎందుకని అడిగితే తాబేలు తాత, "మా తాత తిరగమన్నాడు, తిరుగుతున్నాం. తిన్నది అరుగుతుందిలే," అనేవాడు.

ఆ వరసలో ముంగిస సింగన్న ఇల్లు ఒకటి. ఆ పక్కిల్లు ఏదు గంగులమ్మది. ఏదు అంటే తెలుసుగా? ఒళ్ళంతా పొడుగాటి ముళ్ళుంటాయే, అది. నడిచేవాళ్ళంతా సింగన్న గుమ్మం ముందు నుంచే పోయి, గంగులమ్మ అరుగు మీద చతికిలబడేవారు. ఉత్త మట్టి అరుగు. ఒక పక్క కుంగింది కూడా. అయినా అక్కడే కబుర్లు, అక్కడే పకపకలు.

సింగన్నకు ఒళ్ళు మండిపోయేది.

"ఒళ్ళంతా ముళ్ళున్నదాని దగ్గరకు ఎగబడి పోతారే! ఇంత నున్నటివాణ్ణి, నేను కనబడనా వీళ్ళకి?" అన్నాడు భార్య లచ్చితో.

"నువ్వూ వెళ్ళి కాసేపు కూర్చోరాదూ?" అంది లచ్చి.

"నేనా! ఆ కుంగిన అరుగు మీదా!"

సింగన్నకు కావలసింది ఒక్కటే. అందరూ తన అరుగు మీద కూర్చోవాలి. తన ఇంటి దగ్గరే నవ్వాలి. అందుకని వాగుకు పోయి తెల్లటి గులకరాళ్ళు ఏరి తెచ్చి, పెద్ద అరుగు కట్టాడు. సాయంత్రపు ఎండ పడితే అది తళతళ మెరిసేది.

కుందేలు పోలయ్య ఆగి చూశాడు. "అబ్బ, ఎంత బాగుంది సింగన్నా!" అని ఎక్కబోయాడు.

"ఆగాగు! కాళ్ళు తుడుచుకుని ఎక్కు. ఆ చివరి రాయి మీద కూర్చోకు, కదులుతుంది. సరేగానీ నిజం చెప్పు, ఆవిడ అరుగు బాగుందా, నాది బాగుందా?"

"నీదే," అన్నాడు పోలయ్య. ఎత్తిన కాలు దించుకుని గంగులమ్మ ఇంటివైపు వెళ్ళిపోయాడు.

తరువాత సింగన్న అడ్డతీగతో ఊయల కట్టాడు. పిల్లలు ఎగబడ్డారు. సింగన్న పక్కనే నిలబడి, "మెల్లగా ఊగండర్రా, తీగ తెగుతుంది! నీ వంతు అయిపోయింది, దిగు!" అని ఒకటే గోల. మూడో రోజుకల్లా ఆ పిల్లలంతా గంగులమ్మ పెరట్లో గోతులు తవ్వుకుంటున్నారు.

ఆ సాయంత్రం పక్కింటి నవ్వులు వినలేక సింగన్న బొరియలో దూరి చెవులు మూసుకున్నాడు. మళ్ళీ, నవ్వుతున్నది ఎవరో తెలియాలని ఒక చెవి తెరిచాడు. అసూయ పట్టినవాడి బతుకు అంతే పిల్లలూ, వినలేడు, వినకుండానూ ఉండలేడు. నన్ను చూసే నవ్వుతున్నారు అనుకున్నాడు. 

"నా ముందు నుంచేగా దాని దగ్గరకు పోతున్నారు! ఇక పోండి చూద్దాం," అంటూ రేగుకంప లాక్కొచ్చి, తన గుమ్మానికి అటొకటి, ఇటొకటి, బాటకు అడ్డంగా కంచెలు వేసేశాడు.

తాబేలు తాత పాక్కుంటూ వచ్చాడు. "ఒరేయ్ సింగన్నా, చుట్టు తెగిపోతుందిరా. బాట మూయకు."

"నా గుమ్మం ముందు బాట నాది తాతా. నా ఇష్టం."

మరి గంగులమ్మ దగ్గరకు పోవడం మానేశారా? ఎందుకు మానతారు! కంచె దాకా వచ్చి, వెనక్కి తిరిగి, చెరువంతా చుట్టి అటువైపు నుంచి వచ్చారు. దూరం ఎక్కువై కాళ్ళు లాగాయి. అందుకని ఇంకాసేపు ఎక్కువగా కూర్చున్నారు. సింగన్నకు ఏడుపొక్కటే తక్కువ.

వేసవి చివర్లో లచ్చి మూడు పిల్లల్ని కన్నది. ఎవరింట పిల్లలు పుట్టినా వాడంతా వచ్చి చూసిపోయేది. ఈసారి కంప దాటి ఎవరూ రాలేకపోయారు.

"నా పిల్లల్ని ఒక్కరంటే ఒక్కరు చూడలేదు. ఆ కంచె తియ్యి," అని లచ్చి కన్నీళ్ళు పెట్టుకుంది.

అప్పుడే కంచె అవతల నుంచి గంగులమ్మ కేకేసింది. "లచ్చీ! పిల్లలు బాగున్నారా? దుంపలు తవ్వి తెచ్చాను, విసరనా?"

"మాకేం వద్దు!" అని సింగన్నే జవాబిచ్చాడు.

అతని కళ్ళెప్పుడూ కంచె అవతలే. అందుకే ఇవతల ఏం జరుగుతోందో చూసుకోలేదు. ఎవరూ తొక్కని బాట మీద గడ్డి మొలిచింది. మట్టి గుల్లబారింది. మెత్తటి మట్టి దొరికిందని పీతలు వచ్చి బొక్కలు పెట్టాయి, ఒకటి కాదు, పది కాదు.

తొలకరి వచ్చింది. రాత్రంతా కురిసిన వాన తెల్లవారినా ఆగలేదు. చెరువు నిండింది. నీళ్ళు పీత బొక్కల్లో దూరాయి. గట్టుకు గండి పడింది. ఇంకెక్కడా కాదు, సరిగ్గా సింగన్న గుమ్మం ముందు!

బొరియలోకి నీళ్ళు దూకాయి. లచ్చి ఒక పిల్లను నోట కరుచుకుంది. సింగన్న ఒకదాన్ని కరుచుకున్నాడు. ఇద్దరూ రాళ్ళ అరుగు మీదికి ఎక్కారు. మూడో పిల్ల లోపలే ఉంది. కాళ్ళ కింద రాళ్ళు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. పారిపోదామంటే ముందూ వెనకా నీళ్ళు, అటు కంప, ఇటు కంప. తన చేతుల్తో వేసిందే.

సింగన్న నోట్లోని పిల్లను కింద పెట్టి గొంతు చించుకుని అరిచాడు. "గంగులమ్మక్కా! పిల్లలు!"

అక్కా అని పిలవడం అదే మొదలు.

గంగులమ్మ పరుగున వచ్చింది. ముళ్ళు నిక్కబొడుచుకుని కంపలోకి దూరింది. రేగుముల్లు ఆమెను ఏం చేస్తుంది? విరుచుకుంటూ, తొక్కుకుంటూ దారి చేసింది. "ఈ ఇద్దర్నీ నేను చూస్తా, నువ్వు పో!" అంది. సింగన్న నీళ్ళలో మునిగి, తడుముకుని, మూడోదాన్ని పైకి తెచ్చాడు. అది చల్లబడి ఉంది. లచ్చి నాకి నాకి ఒళ్ళు వేడెక్కిస్తే కాసేపటికి కీచుమంది.

గంగులమ్మ చేసిన దారి వెంట వాడంతా వచ్చింది. "మట్టి వేసి తొక్కండర్రా!" అన్నాడు తాబేలు తాత. పందులు తొక్కాయి, కుందేళ్ళు గెంతాయి, ఉడుములు తోకలతో బాదాయి. మిట్టమధ్యాహ్నానికి గండి పూడింది. రాళ్ళ అరుగు మాత్రం వరద పాలైంది.

తడిసిన ఒంటితో సింగన్న గంగులమ్మ అరుగు మీద కూలబడ్డాడు. పిల్లలు మూడూ అక్కడే ఎండుగడ్డిలో వెచ్చగా పడుకున్నాయి.

"ఇన్నాళ్ళూ గట్టును గట్టిగా ఉంచింది మన పాదాలేరా," అన్నాడు తాబేలు తాత. "మా తాత తిరగమన్నది ఇందుకన్నమాట. నాకూ ఇవాళే తెలిసింది."

గంగులమ్మ నిట్టూర్చింది. "పాపం, అంత మంచి అరుగు పోయిందే! ఇక్కడ కూర్చుంటే సాయంత్రం ఎండలో ఎలా మెరిసేదో. నువ్వది కట్టిన దగ్గర నుంచీ మా అందరి కళ్ళూ దాని మీదే సింగన్నా."

సింగన్న గతుక్కుమన్నాడు. తను కుళ్ళి కుళ్ళి చచ్చిన రోజులన్నీ వీళ్ళు ఇక్కడ కూర్చుని తన అరుగునే చూస్తున్నారా!

"మరి వచ్చి కూర్చోలేదేం?" అన్నాడు.

"కాళ్ళు తుడుచుకోవాలిగా," అన్నాడు పోలయ్య.

అందరూ నవ్వారు. సింగన్నకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. ఏడ్చాక మాత్రం నవ్వాడు.

మిగిలిన కంప ఆ రోజే పీకేశాడు. వానలు వెనకబట్టాక చిన్న మట్టి అరుగు వేశాడు. మొదటి సాయంత్రమే బురదగుంట నుంచి ఒక పంది మోకాళ్ళ దాకా బురదతో వచ్చి నిలబడింది. సింగన్న నోరు తెరిచాడు. లచ్చి వంక చూశాడు. నోరు మూసుకుని, పక్కకు జరిగి చోటిచ్చాడు.

నీతి: పక్కవాళ్ళ ఇంటికి దారి లేకుండా చేద్దామని బాట మూస్తే, ముందుగా మునిగేది మన ఇల్లే.