గున్నమ్మకు చెప్పాల్సిన మాట

పండగలోగా కోటగుమ్మం లేవాలని దొర పట్టుబట్టాడు. దుంగలు మోసే కూలీలకూ, వాటిని లాగే ఏనుగుల మావటివాళ్లకూ నిద్ర మాన్పించాడు. "నిద్రపోతే ఏం ఒరుగుతుందిరా? బద్ధకం తప్ప!" అనేవాడు. నాలుగో రోజున ఓ కూలీ తాడు ముడి వేశాననుకుని వేయలేదు. దుంగ జారి ఇద్దరి కాళ్లు విరిగాయి. అయినా దొర మెత్తబడలేదు.

మావటి గవరయ్య విరిగిన కాళ్లకు కట్లు కట్టి, తన ఏనుగు గున్నమ్మ దగ్గరికి వెళ్లాడు.

మర్నాడు పొద్దున్నే దొర వచ్చి, "ఏనుగెక్కి పని చూస్తాను, కూర్చోబెట్టరా" అన్నాడు.

గున్నమ్మ మెడమీదున్న గవరయ్య బుర్ర గోక్కున్నాడు. "దొరా, దీనికి రెండు మాటలు నేర్పాను. ఒకటంటే కూర్చుంటుంది. ఇంకోటంటే ఎదురుగా ఉన్నవాణ్ణి తొక్కేస్తుంది. ఐదు రోజులుగా కునుకు లేదు కదా, ఏది దేనికో తేలడం లేదు. తమరు కదలకుండా నిలబడితే ఒకటి అనిచూస్తాను."

దొర ఒక్క గెంతులో వెనక్కి పోయాడు. "నోరు తెరవకు! ముందెళ్లి పడుకో!"

"నేనొక్కణ్ణేనా దొరా? ఆ గుమ్మం ఎత్తుతున్నవాళ్ల బుర్రలూ ఇలాగే ఉన్నాయి. రేపు దాని కిందనుంచి మొదట వెళ్లేది తమరే."

దొర గుమ్మం వంక చూసి పని ఆపించాడు. మధ్యాహ్నానికల్లా పని చోటంతా గురకలే.

మర్నాడు దొర దూరంనుంచే అడిగాడు. "మాట గుర్తొచ్చిందా?"

"వచ్చింది దొరా" అంటూ గవరయ్య గున్నమ్మ చెవి వెనక తన కాలి బొటనవేలితో నొక్కాడు. ఎప్పటిలాగే అది చప్పున కూర్చుంది.

అతను దాని చెవిలోకి వంగాడు. "నీకు వేలు చాలే తల్లీ. మాటలు కావాల్సొచ్చింది దొరకే."