మూడో కంచం

కాకినాడలో చిదంబరరావు అనే సమీక్షకుడు ఉండేవాడు. ఏ పుస్తకమైనా సగం కూడా చదవకుండా పూర్తి తీర్పు చెప్పేయడం అతనికి అలవాటు. ఒక వారపత్రికలో అతని శీర్షిక కోసం పాఠకులు ఎదురుచూసేవారు. మాట అంత చురుక్కుమనేది మరి. నాటక పోటీలకు వెళితే రెండో రంగం కాగానే లేచి వచ్చేసేవాడు. అందులోనూ కుటుంబ కథలంటే అతనికి మహా చులకన.

"ఇంట్లో కలహాలు, చావులు, ఊరు పోయిందన్న ఏడుపు. ఒకటి చదివితే వంద చదివినట్టే!" అనేవాడు.

ఒకసారి అతనికి 'మూడో కంచం' అనే నవల సమీక్షకు వచ్చింది. రాసింది నూకరత్నం అనే పంతులమ్మ. సముద్రం కోసుకుపోతున్న ఒక పల్లెలో తల్లీకూతుళ్ళు ఉంటారు. కొడుకు చేపల వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. అయినా తల్లి రోజూ మధ్యాహ్నం వాడికి కూడా కంచం పెడుతుంది. చిదంబరరావు నలభై పేజీలు చదివాడు. పుస్తకం మూసేసి కలం తీశాడు.

"చనిపోయినవాడికి పద్నాలుగేళ్ళు అన్నం వడ్డించే తల్లి ఏ ఊళ్ళోనూ ఉండదు. పెరటి తలుపు తీస్తే కింద సముద్రమేనట! రచయిత్రి ఊహ ఒడ్డు దాటిపోయింది. చివరి అధ్యాయం మరీ తేలిపోయింది," అని రాశాడు.

ఆ చివరి అధ్యాయాన్ని అతను తెరిచైనా చూడలేదు.

సమీక్ష అచ్చయిన వారానికి ఒక ఉత్తరం వచ్చింది. "అయ్యా, ఒక పూట మా ఇంట్లో భోజనం చేయండి. ఆ తర్వాత కూడా అబద్ధమే అనిపిస్తే అలాగే రాయండి. మీరు పుస్తకమంతా చదివినవారు కనక మా అమ్మ దగ్గర ఎలా మసలుకోవాలో వేరే చెప్పక్కర్లేదు. ఇట్లు, నూకరత్నం."

చిదంబరరావు నవ్వుకున్నాడు. చూసి వస్తే మరో వారం రాసుకోవడానికి పనికొస్తుందనుకుని ఆదివారం బస్సెక్కాడు.

బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. ఊళ్ళోకి వెళ్ళే రోడ్డు కొంతదూరం పోయి, కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అవతల అంతా నీళ్ళే. ఆ నీళ్ళలోంచి ఎవరివో రెండు మొండిగోడలు పైకి లేచి ఉన్నాయి. వీధిలో మనిషి అలికిడి లేదు, కుక్క అరుపు లేదు. చిట్టచివరి ఇంటి గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. ఆమే నూకరత్నం.

"రండి సార్. అమ్మ వంట అయిపోయింది," అంది.

లోపల అడుగు పెట్టగానే అరికాళ్ళ కింద గచ్చు సన్నగా అదిరింది. నేల అడుగున ఏదో బరువుగా ఊపిరి తీస్తున్నట్టు చప్పుడు. వెనక తలుపుకి గొళ్ళెం పెట్టి, దానికి తోడు తాడు కూడా బిగించి ఉంది.

"ఆ తలుపు అవతల ఏముందమ్మా?" అని అడిగాడు చిదంబరరావు.

"మా తమ్ముడి గది ఉండేది," అంటూ నూకరత్నం తాడు విప్పి తలుపు తీసింది.

గది లేదు. గడప అంచు కింద తెల్లటి నురగ సుడి తిరుగుతోంది. పక్కన మిగిలిన గోడముక్కకి చొక్కా తగిలించుకునే మేకు ఒకటి అలాగే ఉంది. చిదంబరరావు రెండడుగులు వెనక్కి వేశాడు.

అంతలో వీధిలోంచి ఎవరో కేక వేశారు. "పంతులమ్మగారూ! నీళ్ళ ట్యాంకరు వచ్చింది!"

నూకరత్నం తలుపు గొళ్ళెం పెట్టి, బిందె అందుకుంది. తాడు కట్టడానికి తీరిక లేకపోయింది. "ఇప్పుడే వస్తాను సార్. అమ్మ మిమ్మల్ని ఏదైనా అడిగితే చివరి అధ్యాయంలో ఉన్నట్టే చెప్పండి. చదివారు కదా?"

చదవలేదని ఒప్పుకోవడానికి అతనికి నామోషీ అడ్డొచ్చింది. "చదివానమ్మా," అన్నాడు.

ఆమె అలా వెళ్ళగానే వంటింట్లోంచి తల్లి పోలమ్మ వచ్చింది. చేతిలో మూడు కంచాలు ఉన్నాయి. వాటిని వరసగా నేల మీద పెట్టి, అన్నం వడ్డించి, తల ఎత్తి చిదంబరరావును చూసింది. ఆ ముసలి ముఖం ఒక్కసారి వెలిగింది.

"వచ్చేవా గంగరాజూ? ఇంతసేపేటయ్యా? చొక్కా తడిసిపోయిందే!"

అతను చేత్తో తడిమి చూసుకున్నాడు. చొక్కా నిజంగానే తడిసి ఉంది. చెమటో, సముద్రపు తుంపరో తెలియలేదు.

"మాటాడవేటి? ఇంకెక్కడికీ పోవు కదా?" అంటూ పోలమ్మ దగ్గరికి వచ్చింది.

ఏం చెప్పాలో అతనికి తెలియదు. చెప్పవలసిన మాట పుస్తకంలో ఉంది. పుస్తకం అతను చదవలేదు. భయపడి చివరికి నోటికి అలవాటైన పనే చేశాడు. తీర్పు చెప్పాడు.

"నేను గంగరాజును కాదు! మీ అబ్బాయి పద్నాలుగేళ్ళ కిందటే సముద్రంలో పోయాడు. ఇక రాడు!"

పోలమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. నేల కింద అల ఒకటి గట్టిగా కొట్టింది. ఆమె మూడో కంచంలోని అన్నం గిన్నెలోకి తిరగబోసి, ఆ కంచాన్ని బోర్లించింది.

"రాడా?"

"రాడు."

"అయితే నేనే ఎల్లాల," అంది, పక్కింటికి వెళ్ళివస్తానన్నంత తేలిగ్గా. నడిచి వెళ్ళి తలుపు గొళ్ళెం తీసింది.

చిదంబరరావు తేరుకుని పరుగెత్తి ఆమె చెయ్యి పట్టుకునేసరికి ఒక పాదం గడప దాటి గాలిలో ఉంది. ఆ చెయ్యి మంచులా చల్లగా ఉంది. ఆమె అతని వైపు చూడనే లేదు. కిందికి చూస్తూ, "ఉండయ్యా, వస్తన్నా," అంది. కింద నురగలోంచి ఎవరో "ఊఁ" అన్నట్టు అతనికి వినిపించింది.

"అమ్మా!" అని అరుస్తూ నూకరత్నం బిందె పారేసి వచ్చింది. ఇద్దరూ కలిసి ఆమెను లోపలికి లాగారు.

తలుపుకి తాడు బిగించాక నూకరత్నం అడిగింది. "చివరి అధ్యాయం చదివి కూడా అలా ఎలా అన్నారు సార్?"

"చదవలేదమ్మా," అన్నాడు చిదంబరరావు తల వంచుకుని.

ఆమె అలమరలోంచి పుస్తకం తెచ్చి అతని చేతిలో పెట్టింది.

అతను అరుగు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాడు. చివరి అధ్యాయంలో జనాభా లెక్కలకు వచ్చిన ఒక ఉద్యోగిని చూసి తల్లి కొడుకే అనుకుంటుంది. అతను కాదనడు, అవుననడు. "ఆకలేస్తోందమ్మా, పెట్టు," అని కూర్చుని నాలుగు ముద్దలు తిని, వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోతాడు. ఆ రోజు తల్లి కూడా కడుపునిండా తింటుంది. అంతే అధ్యాయం. చదివేసరికి చిదంబరరావు కళ్ళు చెమర్చాయి.

"అమ్మ ఎవరిని చూసి తమ్ముడనుకున్నా మా ఊళ్ళో అందరూ అలాగే అనేవారు," అంది నూకరత్నం గుమ్మంలోంచి. "ఇన్నాళ్ళూ అమ్మను ఈ గడపకి ఇవతల నిలబెట్టింది ఆ ఒక్క కంచమే."

చిదంబరరావు లేచి లోపలికి వెళ్ళి పోలమ్మ ఎదుట కూర్చున్నాడు. "ఆకలేస్తోందమ్మా, పెట్టు," అన్నాడు.

పోలమ్మ అతని ముఖంలోకి చూసింది.

"ఇందాక అనాల్సిన మాట నాయనా అది. ఇప్పుడు పనికిరాదు. నా కొడుకు పోయాడని నాకు తెలీదనుకున్నావా? పైకి ఎవరూ అననన్నాళ్ళూ వాడికి పెట్టుకుని నేను తిన్నాను. నువ్వు అనేశావు."

ఆ మాట అని ఆమె తలుపు వైపు తిరిగి చెవి ఒగ్గి కూర్చుంది.

ఆ ఇంట్లో తల్లిని ఉంచడానికి నూకరత్నానికి ఇక ధైర్యం చాలలేదు. వారం తిరగకుండా సముద్రం చప్పుడు వినపడని ఊరికి తీసుకుపోయింది. పోలమ్మ కాదనలేదు. అక్కడా వండుతూనే ఉంది గాని, రెండు ముద్దలకి మించి తినలేకపోయేది.

తర్వాతి వారం చిదంబరరావు తన శీర్షికలో, 'మూడో కంచం' నవలను తాను చదవకుండానే సమీక్షించానని రాశాడు. సంపాదకుడు కంగారుపడ్డాడు.

"ఇది వేస్తే ఇకమీద మీ మాట ఎవరు నమ్ముతారండీ?"

"నమ్మకూడదనే రాశాను. వేయండి," అన్నాడు చిదంబరరావు.

పాఠకులు తగ్గారు. అతను రాయడమూ తగ్గించాడు. రాసింది మాత్రం అట్ట నుంచి అట్ట దాకా చదివి రాసేవాడు. నాటకానికి వెళితే తెర పడేదాకా కదిలేవాడు కాదు. ఏడాదికోసారి పోలమ్మను చూడటానికి వెళ్ళేవాడు. ఆమె అతనికి మర్యాదగా అన్నం పెట్టేది. కానీ ఏ పేరుతోనూ పిలిచేది కాదు.

పూర్తిగా చదవని పుస్తకం మీద, దగ్గరికి వెళ్ళి చూడని దుఃఖం మీద తీర్పు చెప్పకూడదు. తీర్పును వెనక్కి తీసుకోవచ్చు గాని, అది చేసిన గాయాన్ని వెనక్కి తీసుకోలేం.