ముత్తాత పేరు మార్చిన పూట

పేర్రాజు మాస్టారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. వెంటనే చెప్పేసేవాళ్ళ జవాబులు నేను చాలా విన్నాను, ఒక్కటీ నిలవలేదు. రామచంద్రపురంలో ఆయన దగ్గర కంప్యూటర్ల పని నేర్చుకునేవాళ్ళలో ప్రియంవద అనే అమ్మాయి మంచి చురుకు, కాస్త తొందర. పనిలో తప్పు దొర్లితే దిద్దుకోదు. మొత్తం చెరిపేసి మొదటినుంచి మొదలుపెడుతుంది. ఒకనాడు ఆయన్ని నిలబెట్టి అడిగింది.

"మాస్టారూ, మూలం చెడకుండా ఉంటే చాలదాండీ? ఆ తరవాత పోగైందంతా పోతే పోనివ్వచ్చు కదా?"

ఆయన వక్కపలుకు నోట్లో వేసుకుని "చూద్దాం" అన్నారు.

ఆ వారంలోనే ఊళ్ళో ఒక ఆసుపత్రినుంచి కబురొచ్చింది. మాస్టారు ప్రియంవదని, బ్యాటరీలు చూడ్డానికి నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళారు. కంప్యూటర్ల గది గుమ్మంలో మేనేజరు ఆనందమూర్తి చెమటలు కక్కుతూ నిలబడున్నాడు. ఈ మూర్తి ఒకప్పుడు నాతో అరగంట మాట్లాడి కూర్చోమనలేదు. అది పక్కనపెట్టే ఈ సంగతి చెబుతున్నాను. పెట్టకపోయినా జరిగింది ఇదే.

రోగుల వివరాలన్నీ ఉన్న యంత్రం పొద్దుటినుంచి లేవడం లేదు. వార్డులో కుడుపూడి సత్తిరాజు అనే పెద్దమనిషి ఉన్నాడు. పక్షవాతంతో మాట పడిపోయింది, ఇప్పుడు కాలి పుండు ముదిరి ఒళ్ళు కాలిపోతోంది. డాక్టరమ్మ గదిలోకి వచ్చి మాస్టారితో నేరుగా చెప్పింది.

"ఈ జ్వరానికి వేసే సూదులు రెండు. అందులో ఒకటి ఈయనకి పడదు. పోయినసారి ప్రాణం మీదికి తెచ్చిందట. అప్పుడు చూసిన డాక్టరు మానేసి వెళ్ళిపోయాడు, ఫోనెత్తడు. ఏది పడదో ఈ యంత్రంలో ఉంది. అది తెలియకుండా నేను సూది వెయ్యను. అలాగని సాయంత్రం దాకా ఆగితే మనిషి దక్కడు."

మూర్తి సత్తిరాజు భార్య మంగతాయారు మీదికి తిరిగాడు. "నీకు గుర్తులేదా, ఏ మందో?"

"సూదిమందండీ. సీసా తెల్లగా ఉందండి, ఆయ్."

"అన్ని సీసాలూ తెల్లగానే ఉంటాయి!"

"మరి నన్నెందుకడుగుతారండీ? రాసుకున్నది మీరు కదా!"

ఆవిడ మీద నాకు ఆ క్షణంలోనే గౌరవం కలిగింది.

ఆ యంత్రం సంగతి నాకు అర్థమైనంతలో చెబుతాను. అది చేత్తో పట్టుకునే యంత్రం కాదు. ఒక పెద్ద కంప్యూటర్లో ఫైళ్ళుగా ఉండే యంత్రం. మొదట ఒక పెద్ద ఫైలు ఉంటుంది. ఏదైనా మార్పు చేసేముందు స్నాప్‌షాట్ అని ఒకటి తీస్తారు. అక్కడితో ఆ పెద్ద ఫైలుకి తాళం పడుతుంది, ఆ తరవాతి రాతంతా దాని మీద పరిచిన కొత్త ఫైల్లోకి పోతుంది. మళ్ళీ తీస్తే దాని మీద ఇంకొకటి. ఇక్కడ పెద్దదాని మీద అలాంటివి మూడున్నాయి. ప్రతిదాని తల దగ్గరా తన కిందున్న ఫైలు ఏదో, అంటే తన తండ్రి ఎవరో, రాసుంటుంది. ఆ వరస తెగితే యంత్రం లేవదు. ఇప్పుడు తెగింది.

"నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మార్చారు?" అని అడిగారు మాస్టారు.

"ఏమీ లేదండీ."

"ఏమీ లేకపోతే బోర్డుకి కొత్త రంగెందుకు? ఆసుపత్రి పేరులో ఒక అక్షరం పెరిగిందేం?"

మూర్తి గొంతు సవరించుకున్నాడు. "సంఖ్యాశాస్త్రం ప్రకారం ఇంగ్లీషు పేరులో ఒక 'ఎ' పెంచితే కలిసొస్తుందన్నారండీ. బోర్డు మార్చాం, రసీదులు మార్చాం. కంప్యూటర్లో పాత పేరు ఎందుకుండాలని పొద్దున్న యంత్రం ఆపి, పెద్ద ఫైలు పేరు నేనే మార్చాను. మిగతావి చిన్నవే కదా, వాటితో పనేముందని వదిలేశాను."

ఈలోగా ప్రియంవద తెరమీద అంతా తడిమి చూసింది. మొహం వెలిగిపోయింది. "మాస్టారూ, పెద్ద ఫైలుకి దెబ్బ తగల్లేదండీ! చిన్నవాటి గొడవ మనకెందుకు? దీన్నొక్కదాన్నీ లేపేస్తాను." చెయ్యి అప్పటికే మీట మీదికి పోయింది.

"అసలుదాన్ని ముట్టుకోకు," అన్నారు మాస్టారు. గొంతు పెంచలేదు గాని చెయ్యి ఆగిపోయింది. "అన్నిటికీ నకళ్ళు తియ్యి. ఆ తరవాత పెద్దదాని నకలు లేపు."

నకళ్ళు పూర్తయ్యేదాకా అందరం నిలబడే ఉన్నాం. ఈసారీ మూర్తి కుర్చీ వేయించలేదు.

పెద్ద ఫైలు నకలు చక్కగా లేచింది. తెర నిండా రోగుల పేర్లు. మూర్తి చప్పట్లు కొట్టాడు. ప్రియంవద, నేననలేదా అన్నట్టు మాస్టారివైపు చూసింది.

"సత్తిరాజుగారిని తియ్యి," అన్నారు ఆయన.

తీసింది. పేరుంది, వయసుంది, ఊరుంది. 'పడని మందులు' అన్నచోట 'లేవు' అని ఉంది.

"లేవనే ఉంది!" అని మూర్తి గెంతాడు. "డాక్టరమ్మగారూ, ఏదైనా వెయ్యొచ్చండీ!"

"లేవా?" మంగతాయారు ఒక్క అడుగులో గదిలోకి వచ్చేసింది. "పోయినసారి ఇక్కడే, ఆ మంచం మీదే కళ్ళు తేలేశాడు మనిషి. మీరూ చూశారు! లేవు అని రాసింది ఎవడండీ? ఇలా పిలవండి వాణ్ణి!"

రాసినవాడి తప్పేమీ లేదు. రాసిననాటికి అదే నిజం. మందు పడకపోవడం ఆ తరవాతి మాట, ఆ రాత పైన పరిచిన చిన్న ఫైళ్ళలోకి పోయింది. ప్రియంవద మీట మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

మాస్టారు మూర్తివైపు తిరిగారు. "మీ పెళ్ళిలో ప్రవర చెప్పించారా మూర్తిగారూ?"

"చెప్పించకేమండీ! ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని ముమ్మారు చెప్పించారు."

"ఆ మూడుసార్లలో ఒకసారి మీ ముత్తాతగారి పేరు ఇంకోలా పలికుంటే?"

"అమ్మో! మా మామగారు అసలే అనుమానం మనిషి. పీటల మీంచి లేపేసుండేవారు."

"ఈ యంత్రం మీ మామగారికన్నా అనుమానం మనిషి. మీరు పొద్దున్న దాని ముత్తాతకి పేరు మార్చారు. తాత ఇంకా పాత పేరు పెట్టి పిలుస్తున్నాడు. పలికేవాడు లేడు."

గుమ్మంలో నర్సు ఒకావిడ కిసుక్కున నవ్వింది. మూర్తి చూపు నేలకి దిగింది. నాకైతే అక్కడితోనే సగం బాకీ తీరినట్టయింది.

ప్రియంవద మాత్రం నవ్వలేదు. "మాస్టారూ, ఇందాక నేను అసలుదాన్నే లేపేసుంటే?"

"లేచిన క్షణంలోనే దాని ఒంటిమీద కొత్త రాత పడేది. ఆ తరవాత ఎన్ని పేర్లు దిద్దినా పైవాటితో పొసగదు. ఇక కానియ్, ఆ మొదటి పిల్లఫైలు తల తెరువు."

తెరిచింది. నాలుగు ముక్కల రాత. తండ్రి పేరున్న చోట పాత పేరే ఉంది. ఆ అమ్మాయి ఈసారి తొందరపడలేదు. ఒక్కొక్క అక్షరం పైకి చదువుకుంటూ, మూర్తి పెంచిన ఆ 'ఎ'ని అక్కడా చేర్చింది. మిగతా రెంటి తలలూ తెరిచి చూసింది. వాటికి ఏ ముప్పూ లేదు, వాటి తండ్రుల పేర్లు మారలేదు.

"అయితే కొత్త పేరు ఉండనిస్తారాండీ?" అన్నాడు మూర్తి, ఆశ చావక.

"ఉంచుకోండి. పేరు మార్చడం తప్పని నేననలేదు. కొడుక్కి చెప్పకపోవడం తప్పు."

వరస మొత్తాన్నీ ముందు నకళ్ళ మీదే లేపించారు. లేచింది. ప్రియంవద తనంతట తానే సత్తిరాజు పేరు తీసింది. 'పడని మందులు' అన్నచోట ఇప్పుడు ఎర్రటి అక్షరాల్లో ఒక మందు పేరుంది. డాక్టరమ్మ వంగి చదివి, పైకి ఒకసారి పలికి, అది కాని రెండో సూది కోసం పరుగెత్తింది. మూర్తి ఏదైనా వెయ్యొచ్చన్న రెంటిలో ఆ ఎర్రక్షరాల మందూ ఒకటి. అంత దగ్గరగా వచ్చి పోయింది ప్రమాదం.

మాస్టారు అసలువాటిని కూడా అలాగే దిద్దించి, నిలకడగా నడిచేదాకా కదల్లేదు. పొద్దు వాలేవేళకి సత్తిరాజుకి చెమటపట్టి జ్వరం దిగడం మొదలైంది. కళ్ళు తెరిచి భార్య చెయ్యి పట్టుకున్నాడని నర్సు వచ్చి చెప్పింది.

మేము సామాను సర్దుకుంటుంటే మంగతాయారు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. దణ్ణం పెట్టి పోతుందనుకున్నాను. పోలేదు, ఒక సందేహం పట్టుకొచ్చింది.

"బాబుగారూ, ముందు లేపిన దాంట్లో కూడా మా ఆయన ఉన్నాడు కదండీ. పేరుంది, ఊరుంది. మరి అది ఆయన కాదాండీ?"

ప్రియంవద తీగ చుట్టడం ఆపి మాస్టారి మొహంలోకి చూసింది.

"అందులో ఉన్నది ఆయన పేరమ్మా," అన్నారు మాస్టారు. "మనిషి ఆ తరవాత పోగైనదాంట్లో ఉన్నాడు."