ఓబయ్య అన్నదమ్ముల దుప్పి వేట

కొండవారపల్లెలో ఓబయ్య, గుర్రప్ప, మారెన్న అని ముగ్గురు అన్నదమ్ములు. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే ఉందని వాళ్ళ నమ్మకం. ఓబయ్య భార్య సంజమ్మ అయితే, ఆ తెలివి కాస్తా బయటికి పోతుందేమోనని ఎండాకాలంలో కూడా కిటికీ తీసేది కాదు.

ఆ ఏడు వాళ్ళ కందిచేను మీద దుప్పులు పడ్డాయి. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి ఆ చేనే. సగం మేసేశాయి. మిగతా సగమన్నా దక్కించుకుందామని, వేటలో ఆరితేరిన కంబయ్య తాత దగ్గరికి పోయారు.

తాత చెప్పాడు: "ఒరే, బాణం ములికి వెడల్పుగా ఉండాలి. వెంట్రుక తాకితే తెగాలి. దుప్పి పక్కకు తిరిగి నిలబడ్డాక జబ్బ వెనక వెయ్యండి, ఊపిరితిత్తులు అక్కడే ఉంటాయి. వేశాక నీడ జానెడు జరిగేదాకా కదలొద్దు. తొందరపడితే బెదిరి దూరం పోతుంది. ఆ తర్వాత నెత్తురు చుక్కల వెంట పొండి. చుక్కలు ఎక్కడ ఆగితే అక్కడే మీ దుప్పి."

"ఇంతేనా తాతా? ఇది మాకు ముందే తెలుసు" అన్నాడు ఓబయ్య.

ఇంటికొచ్చి పన్నెండు ములికులు నూరారు. పదును చూడాలిగా! అంతే, ముగ్గురి తలలూ గుండ్లయ్యాయి. ఇంకా నాలుగు ములికులు మిగిలాయి. "నా జడ ఉండగా మీకేం లోటు?" అని సంజమ్మ తల వంచింది. అదీ అయిపోయింది. చివరి ములికికి వెంట్రుకే లేదు. ఇంకేముంది, మారెన్న బొటనవేలు పెట్టి చూశాడు. వేలు చీరుకుపోయింది.

"బ్రహ్మాండమైన పదును వదినా!" అని గంతులేశాడు. సంజమ్మ గుడ్డపీలిక కట్టింది.

తెల్లారగానే చేలో కాపు కాశారు. పెద్ద దుప్పి ఒకటి వచ్చి, సరిగ్గా పక్కకు తిరిగి నిలబడింది. ఓబయ్య విల్లెత్తి ఆగిపోయాడు.

"జబ్బ వెనక అన్నాడు కదరా తాత. ఎవరి జబ్బ?"

"నీతో చెప్పాడంటే నీ జబ్బే కదన్నా" అన్నాడు గుర్రప్ప.

నిజమే కదా అని ఓబయ్య విల్లు తిప్పి, తన జబ్బ మీదుగా వెనక్కి వేశాడు. వెనక సంజమ్మ అంబలి కుండ నెత్తిన పెట్టుకుని వస్తోంది. బాణం కుండలో ఇటు దూరి అటు వచ్చింది.

"చూశారా ములికి పనితనం!" అని మురిసిపోయాడు మారెన్న.

"కదలొద్దు!" అన్నాడు ఓబయ్య.

అంతే, నలుగురూ బొమ్మల్లా నిలబడ్డారు. సంజమ్మ మొహం మీద అంబలి కారుతోంది, తుడుచుకోలేదు. దుప్పి తలెత్తి చూసింది, వీళ్ళు కదలడం లేదు. పోయి తన మందనంతా పిలుచుకొచ్చింది. ఇంతలో మబ్బు పట్టింది. నీడే లేకపోతే ఇంక జరిగేదేముంది? మిట్టమధ్యాహ్నం ఎండ వచ్చి నీడ జరిగేసరికి మందంతా మేసి, నెమరు కూడా వేసి వెళ్ళిపోయింది.

"ఇప్పుడు చుక్కలు!" అంటూ మారెన్న ముందు పరుగెత్తాడు. వేలి కట్టు ఊడింది. చుక్కలు టపటపా రాలాయి.

"అన్నా, నెత్తురు! ఇంకా వెచ్చగానే ఉంది" అన్నాడు గుర్రప్ప.

ఇంకేముంది, ముందు మారెన్న, వెనక వీళ్ళు. చేను చుట్టూ పదిసార్లు తిరిగారు. దుప్పులు వదిలిన నాలుగు మొక్కలూ కాళ్ళకింద నలిగాయి. చివరికి మారెన్న కాళ్ళు లాగి కూలబడ్డాడు. చుక్కలు ఆగిపోయాయి.

ముగ్గురూ చుట్టూ నిలబడి చూశారు. "చుక్కలు ఆగిన చోట ఉన్నది వీడే. అయితే దుప్పి వీడే" అన్నాడు ఓబయ్య.

మారెన్న కాసేపు ఆలోచించి "తాత చెప్పాక ఇంక కాదనేదేముంది" అని కాళ్ళూ చేతులూ చాపాడు. గెడకు కట్టి ఊళ్ళోకి మోసుకొచ్చారు.

కంబయ్య తాత చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో పాపం! ముందు వాణ్ణి వదిలెయ్యండిరా!"

తాత మాట కాదనకూడదు. అంతే, మళ్ళీ గెడ ఎత్తుకుని అడవి అంచుదాకా మోసి, కట్లు విప్పారు.

"పో నాయనా, చల్లగా బతుకు. మళ్ళీ మా చేలోకి మాత్రం రాకు" అంది సంజమ్మ కళ్ళొత్తుకుంటూ.

"మీ మేలు మరిచిపోనమ్మా" అని మారెన్న దణ్ణం పెట్టి, రెండు గంతుల్లో పొదల్లోకి దూకాడు.

గుర్రప్ప చుట్టూ చూశాడు. "ఇంతకీ అన్నా, మన మారెన్న ఏడీ?"

ఓబయ్య చెమట తుడుచుకుంటూ విసుక్కున్నాడు. "వాడెప్పుడూ అంతేరా. మోసే పని వస్తే చాలు, కనపడడు!"