కాకి ఎంగిలి

దంతవైద్య కళాశాలలో దవడ ఆపరేషన్లు నేర్పే అహోబలరావుగారికి ఒక అలవాటుంది. శిష్యులు ఏదైనా అడిగితే జవాబు చెప్పరు. పేషెంటును పిలవమంటారు.

ఆ రోజు అడిగింది సునంద. ఆరు నెలల కిందట గురువుగారు పక్కన నిలబడి ఉండగా ఆమె తన చేతులతో మొదటిసారి సరిచేసిన దవడ పైడమ్మది. ముందుకు పొడుచుకొచ్చిన కింది దవడను కోసి, వెనక్కి జరిపి, ప్లేట్లతో బిగించింది. ఇప్పుడు ఎక్స్‌రే మీద కొలిచి చూస్తే, చెవి కింద దవడ మలుపు ఆపరేషన్ అయిన వెంటనే ఉన్నట్టు లేదు. మూడు డిగ్రీలు తేడా. ఎముక పాత చోటికే వచ్చేస్తోందేమో, పైడమ్మ మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కాలేమో, అంతా తన చేతి చలవేనేమో అని సునందకు ఒకటే దిగులు. ఆ భయంతోనే, రెండు నెలల్లో ఆపాల్సిన 'మెత్తని ఆహారం' అన్న మాటను ప్రతి చీటీలోనూ రాస్తూ వచ్చింది. పైడమ్మ పాపం ఇంకా జావ తాగుతూనే ఉంది.

"దవడ నిలిచిందని ఏ కొలత చూసి నమ్మాలి సార్?"

ఆయన పైడమ్మను కూర్చోబెట్టి, నోరు తెరిపించి, మూయించి, పళ్ళ వరసనూ దవడనూ వేలితో తడిమి చూశారు. తర్వాత తన టిఫిన్ సంచిలోంచి ఒక జామకాయ తీసి ఆమె చేతిలో పెట్టి, కాకి ఎంగిలి చేసి మీ అప్పకు పెట్టమన్నారు. సునంద వద్దనబోయింది.

తోడొచ్చిన అప్ప నూకాలు అడ్డుపడింది. "దానికి రాదు బాబూ. సిన్నప్పుడ్నుంచీ నానే కొరికి పెడతన్నాను."

నిజమే. ముందుపళ్ళు ఒకదానికొకటి అందని నోటికి కొరకడం ఎక్కడిది? ఇంట్లో ఒక్క కాయ ఉంటే, అప్ప దాన్ని పరికిణీ అంచులో చుట్టి, ఎంగిలి అంటకుండా గుడ్డ మీంచే కొరికి, చెల్లెలికి ముక్క ఇచ్చేది. పాతికేళ్ళుగా పుచ్చుకోవడమే గాని పైడమ్మ ఎవరికీ పెట్టింది లేదు.

పైడమ్మ కాయను పైట చెంగులో చుట్టింది. కళ్ళు గట్టిగా మూసుకుని కొరికింది. పటుక్కుమంది. విరిగింది కాయో ప్లేటో తెలియక సునంద బల్ల అంచు పట్టుకుంది. చెంగు విప్పితే జామ ముక్క ఊడి ఉంది, కాయ మీద ముందుపళ్ళ గాట్లు వరసగా పడి ఉన్నాయి.

ఆ ముక్కను పైడమ్మ అప్ప నోట్లో పెట్టింది. "ముందు నీకే, అప్పా."

నూకాలు నమలడం మరిచి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఇక పైడమ్మను ఆపడం ఎవరి తరం? నర్సుకో ముక్క, సునందకో ముక్క, గురువుగారికో ముక్క. సునందకు సంతోషం పట్టరానంతగా ఉంది. అయినా చదువుకున్న బుద్ధి ఊరుకోదు కదా. నములుతూనే ఎక్స్‌రే ఎత్తి, మరి ఈ మూడు డిగ్రీల మాటేమిటన్నట్టు చూసింది.

గురువుగారు చీటీలో 'మెత్తని ఆహారం' కొట్టేశారు.

"కొత్త చోట కుదురుకునే ఎముక కాస్త సర్దుకుంటుందమ్మా. ఆ మూడూ రాసుకో. పక్కనే, ఇవాళ ఎవరు కొరికితే ఎవరు తిన్నారో అదీ రాసుకో."