నదికి కొలువిచ్చిన రాజు

పొద్దెక్కేదాకా పొగమంచు వీడని రాజ్యం ఒకటి ఉండేది. పాలవాక అనే నది ఒడ్డున దాని రాజధాని. అక్కడ కంఠీరవ భూపతి ఏలుబడి. ఆయన దగ్గితే పక్కవాళ్లు లేచి నిలబడాలి. ఆయన బిరుదులన్నీ చదివేసరికి చదివేవాడి గొంతు ఎండిపోయేది. అయినా ఇంకొకటి చేర్చమనేవాడు.

అంతటి ప్రభువుకు నది అంటే భయం. ఎనిమిదేళ్ల వయసులో ఆయన కళ్ల ముందే అన్నగారు పడవతో సహా మునిగిపోయాడు. ఆనాటి నుంచి రేవు వైపు అడుగు వెయ్యలేదు. నీళ్ల చప్పుడు వినపడితే అరచేతులు చెమర్చేవి, ఊపిరి అందేది కాదు. ఈ సంగతి పైకి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కోటలో నది వైపు కిటికీలన్నీ మూయించి, అటు గాలి మంచిది కాదని చాటించాడు.

ఇలా ఉండగా, అవతలి ఒడ్డున కాపురముంటున్న ఆయన ఒక్కగానొక్క కూతురు పేరిందేవికి ఆడపిల్ల పుట్టింది. నాన్నగారు వచ్చి బిడ్డ చెవిలో పేరు చెప్పేదాకా బారసాల చెయ్యబోనని ఆమె కబురు పంపింది. రెండు నెలలు గడిచాయి. బిడ్డ ఇంకా పేరు లేకుండానే ఉంది.

ఆస్థానంలో మైలారయ్య అనే విదూషకుడు ఉండేవాడు. ఆయన నవ్విస్తాడని మాత్రమే లోకానికి తెలుసు. భార్య పోయిన ఏడాది ఆయన తన ఇంటి గడప దాటలేకపోయాడు. పక్కింటి ముసలమ్మ రోజూ వచ్చి అరుగు మీద కూర్చుని, ఇవాళ గడపదాకా, రేపు మెట్టుదాకా అంటూ ఆయన్ని మళ్లీ వీధిలోకి తెచ్చింది. అందుకే, కూతురి కబురు వింటున్నప్పుడు సింహాసనం మీద బిగుసుకున్న రాజుగారి వేళ్లు చూసి, అది తను ఎరిగిన భయమేనని ఆయనకు అర్థమైంది.

మైలారయ్య నిండుసభలో లేచి, ఏలినవారి ప్రయాణం ఎప్పుడని అడిగాడు.

రాజు మీసం సవరించుకున్నాడు. "రాజులే నా దగ్గరికి వస్తారు. నేను నది దగ్గరికి పోవడమా? ముందు దాన్ని వచ్చి నా కాళ్లకు మొక్కమను. మొక్కిస్తే దాటుతాను. మొక్కించలేకపోతే నువ్వు దేశం విడిచిపో."

"చిత్తం. నలభై రోజులు గడువిప్పించండి. నది కూడా ఏలినవారి ప్రజే కనక రోజూ కాసేపు దానికి కొలువిచ్చి దర్శనమివ్వాలి. కొలువు మధ్యలో లేచిపోవడం మాత్రం ప్రభువులకు మర్యాద కాదు."

రాజు మీసం వదిలి, సరేనని తలపంకించాడు.

మర్నాడు ఉదయం మేడ మీద ఒక్క కిటికీ తెరిచారు. దూరాన మంచులో నది వెండి నూలుపోగులా ఉంది. రాజు కళ్లు తిప్పుకున్నాడు. లేవబోయాడు. కొలువింకా ముగియలేదని మైలారయ్య మెల్లగా గుర్తుచేశాడు. రాజు కూర్చున్నాడు. గడియ గడిచింది. మంచు కదులుతూ ఉంది, నది పారుతూ ఉంది, అంతకుమించి ఏమీ జరగలేదు. ఆయన వేళ్లు వాటంతటవే వదులయ్యాయి. అప్పుడు గాని మైలారయ్య కొలువు చాలించలేదు.

నాలుగు రోజులకు సింహాసనం తోటలోకి దిగింది. ఆ తర్వాత రేవు పైమెట్టుకి. ఒక్కో మెట్టుకు రెండేసి రోజులు పట్టింది. ఒకనాడు ఊపిరాడక రాజు కళ్లు మూసుకుంటే మైలారయ్య నవ్వించబోలేదు. పక్కన కూర్చుని, రాజుకు వినపడేలా నెమ్మదిగా ఊపిరి తీసి వదిలాడు. ఆనాడే రాజు తొలిసారి అన్నగారి మాట ఎత్తాడు. ఆయన ఈల వేసుకుంటూ పడవెక్కాడనీ, తననూ రమ్మంటే అలిగి వెళ్లలేదనీ చెప్పాడు. 

ఇరవై ఏడోనాడు సింహాసనం ఆఖరి మెట్టు మీద ఉంది. చిన్న అల ఒకటి వచ్చి రాజుగారి పాదాలు తడిపి వెనక్కి పోయింది.

"మొక్కింది ప్రభూ" అన్నాడు మైలారయ్య.

రాజు వంగి తడిసిన పాదాలు చేత్తో తాకి చూసుకున్నాడు.

ఆ మీదట సింహాసనాన్ని రేవుకు కట్టిన పడవలో వేయించారు. రోజుకో బార చొప్పున తాడు వదిలారు. నలభయ్యోనాడు మంచు మరీ దట్టంగా కమ్మింది. ఒడ్డు లేదు, ఆకాశం లేదు. పడవ నీటి మీద ఉందో మబ్బు మీద ఉందో తెలియలేదు. రాజు తాడు వంక చూసి, తనే విప్పమన్నాడు.

కలలోంచి వస్తున్నట్టు తెడ్డు చప్పుడు. నడి ఏట్లో రాజు అన్నాడు: "నదిని రప్పించమంటే నన్నే నదిలోకి తెచ్చావు కదయ్యా."

"అది ముందే వచ్చి చూసి వెళ్లింది ప్రభూ. మనం తిరిగి చూడ్డానికి వెళ్లకపోతే బాగుండదు."

అవతలి ఒడ్డున పేరిందేవి బిడ్డను తండ్రి ఒడిలో పెట్టింది. ఆయన వంగి చెవిలో పేరు చెబుతుంటే బిడ్డ మీసం పట్టుకుని వదల్లేదు. కూతురు కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

తిరుగు ప్రయాణంలో రాజు గొంతు తగ్గించి, "ఇంకా భయంగానే ఉందయ్యా మైలారయ్యా" అన్నాడు.

"ఉంటుంది ప్రభూ. ఉండనివ్వండి. పడవలో దానికీ చోటుంది."

రాజు పడవ ఊగిపోయేటట్టు నవ్వాడు. మెడలోని ముత్యాల హారం తీసి మైలారయ్య మెడలో వేశాడు. తొందరేమీ లేదు, నెమ్మదిగా పోనిమ్మని పడవవాడితో చెప్పాడు.